పెద్దమామ చేతి ముద్ద

షిమ్‌కెంట్ ఊళ్లో పెద్ద బజారు వెనక సందులో ఉల్జాన్ సంసాల కొట్టు తెలియని టాక్సీ డ్రైవరు లేడు. తరిగిన మాంసం, ఉల్లిపాయ, గొర్రె తోక కొవ్వు కూరిన పిండి ముద్దల్ని మట్టి తందూరు లోపలి గోడకు అంటించి కాలుస్తుంది. అడుగు వరస అంటించాలంటే మోచేతిదాకా తడిగుడ్డ చుట్టుకుని, నడుం వరకు తందూరులోకి వంగాలి. ఒకప్పుడు ఆ వంగడమే ఆమెకు గండమైంది. పొట్ట అంచుకు అడ్డం పడేది. మోకాళ్లు మొరాయించేవి. ఒక రోజు వంగిన మనిషి పైకి లేవలేకపోతే, భర్త దౌలెన్ పరుగెత్తుకొచ్చి వెనక నుంచి నడుం పట్టుకుని లాగాడు. ఎదురు కొట్లో ఎండు పండ్లు అమ్మే ఆవిడ చూసి, "సంసాతో పాటు మనిషి కూడా అంటుకుపోయిందర్రోయ్!" అని బజారంతటికీ వినిపించేలా అరిచింది.

ఆ ఏడే ఉల్జాన్ బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకుని పొట్టకు పట్టీ వేయించుకుంది. లోపలి పొట్ట సంచి పైభాగానికి ఉంగరంలా తొడిగే మెత్తటి పట్టీ అది. చర్మం కింద బొత్తాం లాంటిది ఒకటి పెడతారు. అందులోంచి సూదితో నీరు ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. "ఇక మీ బాధ తీరిపోయిందమ్మా" అన్నాడు పట్టీ వేసిన డాక్టరు, చేతులు తుడుచుకుంటూ.

మొదట్లో నిజంగానే తీరినట్టు కనిపించింది. పాత గౌన్లు వదులయ్యాయి. తందూరు అంచు పొట్టకు తగలడం మానేసింది. తర్వాత మాంసం దిగడం మానేసింది. రొట్టె దిగడం మానేసింది. దిగనిది అక్కడే ఇరుక్కుని, గుండెల మీద రాయి పెట్టినట్టుండి, చివరికి వచ్చిన దారినే బయటికి వచ్చేది. దిగేవి ఏమిటంటే ఐస్‌క్రీము, తీపి పాలు పోసిన టీ, టీలో నానిన బిస్కెట్లు. మనిషన్నాక ఆకలేస్తుంది. ఆకలేసిన మనిషి దిగేదే తింటుంది. యజమానిని గుమ్మం దగ్గర ఆపి దొంగకు తలుపు తీసిన కాపలావాడిలా తయారైంది ఆ పట్టీ. పోయిన బరువు పోయినట్టే తిరిగొచ్చింది.

అదలా ఉండగా దౌలెన్ తమ్ముడి పెళ్లి వచ్చింది. విందు చివర్లో ఇంటి పెద్ద, దౌలెన్ తండ్రికి అన్నగారైన ఓరజ్‌బాయ్, పళ్లెంలో మిగిలిన మాంసాన్నీ పిండి పొరల్నీ కొవ్వుతో సహా అరచేతిలోకి తీసుకుని, చిన్నవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి స్వయంగా నోట్లో పెట్టాడు. పెద్దల చేతి ముద్ద దీవెన. నోరు తెరవడం తప్ప ఇంకో జవాబు లేదు. ఉల్జాన్ నోరు తెరిచింది. ఆయన చెయ్యి చిన్నదేం కాదు. ముద్ద గొంతు దిగి, పట్టీ దగ్గర ఆగింది. ఆమె కళ్లనీళ్లతో హాలు బయటికి పరుగెత్తి గోడవార కక్కుకుంది. అప్పుడే కొత్త జంటను తోటలో వీడియో తీస్తున్నవాడు ఆ గోడ వైపు కెమెరా తిప్పాడు. ఆ పెళ్లి వీడియో ఇప్పటికీ చుట్టాల ఇళ్లలో ఆడుతూనే ఉంది.

ఆ పూట నుంచి ఆమెకు మంచినీళ్లు కూడా నిలవలేదు. పడుకుంటే చేదు గొంతులోకి ఎగదన్నేది. ఇంకో ఆసుపత్రిలో నురీలా అనే డాక్టరు పరీక్ష చేసి, పట్టీ జారిపోయిందని చెప్పింది.

"జారిందంటే సరిచేసి పెట్టండి."

"సరిచేయడం కాదు, తీసేయాలి. తీసేసి, పొట్ట చిన్నది చేసి పేగుకు కలిపే బైపాస్ చేస్తే మంచిది. కానీ రెండూ ఒకేసారి చేయలేను. పట్టీ ఒరుసుకుని లోపల పుండు పడింది. అది మానాలి. అందాకా ఆగాలి."

"అంటే మళ్లీ మొదటినుంచా?"

నురీలా కళ్లజోడు తీసింది. "అబద్ధం చెప్పను. మొదటికంటే కొంచెం వెనక నుంచి. ఒకసారి కోసిన చోట మళ్లీ కోయడం కష్టం. తగ్గడం కూడా కొత్తవాళ్లు తగ్గినంత ఉండదు."

ఉల్జాన్‌కు ఆ డాక్టరు మీద కోపం రాలేదు. చేతులు తుడుచుకున్న మొదటివాడి మీద వచ్చింది. వాడేమో ఎప్పుడో వేరే ఊరు వెళ్లిపోయాడు. కోపం పెట్టుకోవడానికి మనిషి దొరకక, దాన్ని ఇంటికి తెచ్చుకుంది.

ఇంట్లో అత్తగారు కుల్పాష్ సిద్ధంగా ఉంది. "ఒకసారి కట్టించుకున్నావు. ఇప్పుడు విప్పించుకుంటానంటున్నావు. తర్వాత కత్తిరించుకుని కుట్టించుకుంటావు. కడుపా అది, దర్జీ కొట్టా?"

"మీకేం అత్తయ్యా, కక్కుకునేది నేను."

"నేను ఆరుగురిని కన్నాను. నా పొట్టను ఎవరూ ముట్టుకోలేదు."

ఉల్జాన్ భర్త వైపు తిరిగింది. దౌలెన్ టీ గిన్నెలోకి చూస్తూ, "నీ ఇష్టం" అన్నాడు.

"నీ ఇష్టం అంటే ఏంటి? రేపేమన్నా అయితే నీ తప్పే అని ముందే చెబుతున్నావా?"

"నీ ఇష్టం అంటే నీ ఇష్టమనే" అన్నాడతను. అంతకంటే మాటలు అతని దగ్గర ఎప్పుడూ లేవు.

పట్టీ తీసేశారు. పుండు మానేదాకా ఆగమన్నారు. ఆ మధ్య ఒక పొద్దున ఉల్జాన్ తందూరులోంచి తీసిన సంసాను ఊదుకుంటూ కొరికింది. మాంసం ముక్క హాయిగా, ఎక్కడా ఆగకుండా దిగింది. ఎన్నేళ్లయిందో అలా దిగి. పొగ వంక పెట్టుకుని ఏడ్చింది. తర్వాత ఇంకోటి తింది. ఆ నెలల్లో ఆమె తిన్నది ఆకలికి కాదు, బాకీ తీర్చుకోవడానికి. రెండో ఆపరేషన్ నాటికి పట్టీ వేయించుకోక ముందున్న బరువును దాటేసింది. నురీలా తూకం చూసి పెదవి విరిచింది గానీ, "ఇంకా ఆగితే ఇంకా పెరుగుతారు" అని బల్ల ఎక్కించింది.

ఆపరేషన్ అయ్యాక పక్క మంచం మీద గుల్దానా అనే పిల్ల, మొదటిసారి చేయించుకున్నది. ఇంటికెళ్లాక ఆ పిల్ల వారం వారం ఫోన్ చేసేది. "అక్కా, ఇంకా తగ్గాను! అక్కా, మా అమ్మ గౌను పట్టింది! మీరెంత తగ్గారక్కా?" ఆ పిల్ల బరువు ఎండలో మంచులా కరిగింది. ఉల్జాన్‌ది కారే కుళాయిలా బొట్టు బొట్టుగా పోయింది. కొన్నాళ్లకు ఆ పేరు కనిపిస్తే ఫోన్‌ను బోర్లా పెట్టడం నేర్చుకుంది.

బోర్లా పెట్టలేనివి ఇంకా ఉన్నాయి. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. బతికినంతకాలం మింగాల్సిన మాత్రలు, పొడిపించుకోవాల్సిన సూదులు. తినేటప్పుడు తాగకూడదు, తాగేటప్పుడు తినకూడదు. ఏ ఇంటికెళ్లినా ముందు టీ, నడుమ టీ, చివర టీ అయిన ఊళ్లో ఇదెక్కడి శిక్ష? ఒక రోజు మరిచిపోయి, టీలో రెండు చెంచాల జామ్ కలుపుకుని గబగబా తాగింది. కాసేపటికే గుండె దడదడలాడింది. ఒళ్లంతా చెమట. కడుపులో మెలితిప్పింది. పిండి బస్తాల మీద వాలిపోయి, చచ్చిపోతున్నాననుకుంది. ఫోన్ చేస్తే నురీలా, "చావరు. తీపి ఒక్కసారిగా పేగులోకి దూకింది. ఇక తీపి జోలికెళ్లకండి" అంది.

ఇవన్నీ ఎలాగో ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఉప్పు. ఆపరేషన్ తర్వాత ఆమె నాలుక మారిపోయింది. అందరికీ సరిపోయే ఉప్పు ఆమెకు సముద్రం నీళ్లలా తగిలేది. తన నోటికి సరిపడా వేస్తే కొనేవాళ్లకు చప్పన. పాత టాక్సీ డ్రైవరొకడు సగం కొరికి, "ఏం వదినా, ఉప్పు మీద అలిగావా?" అన్నాడు. మర్నాడు నాలుక లెక్క వదిలేసి ఎక్కువ వేసింది. వాడే నీళ్లసీసా ఖాళీ చేసి, "ఉప్పుతో రాజీ కుదిరినట్టుందే!" అన్నాడు. ఇరవయ్యేళ్లుగా కళ్లు మూసుకుని వేసిన ఉప్పు అది. పొట్టను కోసుకోవడానికి ఆమె ఒప్పుకుంది. చేతి రుచి కూడా పోతుందని ఎవరూ చెప్పలేదు.

ఇంతలో ఓరజ్‌బాయ్ ఎనభయ్యో పుట్టినరోజు విందు వచ్చింది. ఊరంతా కదిలొచ్చింది. ఉల్జాన్ తన పళ్లెంలో కాస్త మాంసం పెట్టుకుని, నమిలి నమిలి, అందరి కళ్లూ తప్పించుకుంటూ కూచుంది. "ఇంతేనా?" అని ఒకరు. "వండినవాళ్ల మీద కోపమా?" అని ఒకరు. "కత్తి పెట్టించుకుని సన్నబడటం ఎవరికి చేతకాదులే" అని ఇంకొకరు. ఆ మాటన్నావిడ నూనెలో వేయించిన బౌర్సాక్ రొట్టెను వెన్నలో ముంచుతూ అంది.

విందు చివర్లో పెద్దాయన పిలవనే పిలిచాడు. "కోడలా, ఇటు రా. నోరు తెరువు."

ఆయన అరచేతిలో మాంసం, కొవ్వు, పిండి పొర. మాంసం ఉడికిన రసం మణికట్టు మీదుగా చొక్కా చేతిలోకి కారుతోంది. ఉల్జాన్ దగ్గరికి వెళ్లింది. నోరు తెరవలేదు.

"పెద్దమామయ్యా, మన్నించండి. మీ చేతిని నేను కాదనట్లేదు. నా పొట్ట కాదంటోంది."

ఆ బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. చెయ్యి గాలిలోనే ఉంది.

"పోయినసారి తిన్నావుగా?"

"తిని, బయటికెళ్లి కక్కాను. వీడియోలో ఉంది."

ఎవరో ఫక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఓరజ్‌బాయ్ ముఖం ఎర్రబడింది. అప్పుడు దౌలెన్ లేచొచ్చి భార్య పక్కన వంగి, నోరు తెరిచాడు. "ఆమెది కూడా నాకే పెట్టండి, పెద్దనాన్నా."

ముసలాయన ముద్దను అతని నోట్లో కుక్కాడు. వేళ్లు తుడుచుకుంటూ, "మీ ఆవిడకు పొట్ట చిన్నదైంది, నోరు పెద్దదైంది" అన్నాడు. దీవెన మాట మాత్రం పలకలేదు.

తిరుగు దారిలో కారులో కుల్పాష్ వెనక సీట్లోంచి మొదలెట్టింది. "పరువు తీశావు. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుంటే చచ్చిపోతావా?"

"లావుగా ఉంటే మీకు సిగ్గు. సన్నబడితే సిగ్గు. తింటే సిగ్గు, తినకపోతే సిగ్గు. ఏం చేస్తే మీకు సిగ్గు కాదో ఒక్కటి చెప్పండత్తయ్యా, అదే చేస్తాను!" ఉల్జాన్ సీట్లో వెనక్కి తిరిగింది. "రెండుసార్లు కోయించుకున్నాను. మొదటిది మోసం చేసింది, రెండోది సగమే పనిచేస్తోంది. నా జుట్టు పోయింది, నా టీ పోయింది. అయినా అందరూ నా నోట్లోనే చెయ్యి పెడతారు!"

దౌలెన్ బండి వేగం తగ్గించాడు.

"నువ్వు సన్నబడ్డావని నేనెప్పుడు సిగ్గుపడ్డాను?" అంది కుల్పాష్. "నీ సంసాల్లో ఉప్పు సరిగ్గా ఉండట్లేదు. దానికి సిగ్గుపడుతున్నా. బజారులో నన్ను ఆపి మరీ చెబుతున్నారు."

"అయితే రేపు పొద్దున్నే వచ్చి మీరే రుచి చూడండి!"

కోపంలో అన్న మాటది. తెల్లారేసరికి ముసలావిడ తలగుడ్డ బిగించుకుని కొట్టు ముందు నిలబడి ఉంది.

అది మొదలు కుల్పాష్ తందూరు పక్క ముక్కాలిపీట మీద కూచుంది. ముందుగా ఒక్క సంసా కాల్చి ఆమెకిస్తారు. తిని, కళ్లు మూసుకుని, "చాలదు" అంటుంది. ఇంకాస్త ఉప్పు కలిపి ఇంకోటి. "ఇప్పుడు ఫరవాలేదు. ఏదీ, ఇంకొకటి తింటే గానీ తేలదు." ఉప్పు కుదరక కొట్టుకు రావడం మానేసినవాళ్లు మెల్లగా తిరిగొచ్చారు. ఓరజ్‌బాయ్ ఇప్పటికీ ఉల్జాన్‌తో మాట్లాడడు. సంసాలు మాత్రం మనవడిని పంపించి తెప్పించుకుంటాడు.

అయితే ముసలావిడ నోటికి తాళం లేదు. వచ్చిన ప్రతివాళ్లకూ కోడలి పొట్ట కథ చెబుతుంది, ఏ పేగు ఎక్కడ కలిపారో గాలిలో వేలితో గీసి మరీ. ఒక రోజు కొట్టు మెట్లెక్కి ఆయాసపడుతున్న ఒకావిడ ఆ కథంతా విని, ఉల్జాన్ వైపు తిరిగింది. "చేయించుకోమంటావా, అక్కా?"

ఉల్జాన్ చేతి తడిగుడ్డ పిండుకుంది. బరువు తగ్గడం ఎప్పుడో ఆగిపోయింది, డాక్టరు ఆశపడినదానికి చాలా ముందే. చంకల కింద చర్మం వేలాడుతోంది. గుండెల్లో మంట లేదు. మోకాళ్లు మాట వింటున్నాయి. వీటిలో ఏది ముందు చెప్పాలో ఆమెకు తోచలేదు.

"చేయించుకోమని అనను. వద్దనీ అనను. అయిపోయింది అని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకు" అంది.

"ఏం మాటలే అవి, బేరం చెడగొట్టడానికి కాకపోతే!" అని కుల్పాష్ విసుక్కుంది. మూడో సంసా సగంలో ఉంది ఆవిడ. "ఇవాళ ఉప్పు ఒక చిటికెడు ఎక్కువైంది. మాంసం కలుపు."

"నిజంగానా? నిన్న కూడా ఇంతే వేశాను."

"నా నాలుక మీద నీకు నమ్మకం లేదా?"

ఉల్జాన్ ఒక తునక తుంచి నోట్లో పెట్టుకుంది. ఎప్పటిలాగే సముద్రం నీళ్లు. ముసలావిడ నిజం చెబుతోందో, ఇంకో సంసా కోసం చెబుతోందో తెలుసుకునే దారే లేదు. పళ్లు నూరుతూ గిన్నెలోకి ఇంకో దోసెడు మాంసం వేసి కలిపింది.