తుడుపు కర్ర మీద దీపం

"ముందు గది జిగటగా ఉందమ్మా, ఒక్కసారి తడిగుడ్డ పెట్టెయ్. ఖాళీగానే ఉన్నావుగా" అంది అత్తయ్య పొద్దున్నే, తాగిన గ్లాసు నా చేతికిస్తూ.

పెట్టేశాను. అదే నా ఖర్మ. అలవాటుపడ్డ చేతులు బుర్రని అడగవు కదా. ఫోటోల కోసం అప్పుడే తుడుపు కర్రకి కట్టిన దీపం విప్పి పక్కన పెట్టి, ఈ మూల నుంచి ఆ మూలకి శుభ్రంగా తుడిచేశాను. బకెట్ పారబోస్తుంటే నీళ్ళు పాలలా తెల్లగా కనిపించాయి. అప్పుడు గుర్తొచ్చింది. నా సుద్దగీతలు! మూడు దీపాలూ కెమెరా ఎక్కడ నిలబడాలో నేల మీద గీసుకున్న గీతలు. నాలుగు రోజుల పని నా చేత్తో నేనే కడిగి పారబోశాను.

పెళ్ళికి ముందు నేను ఫోటో స్టూడియోలో లైట్లు అమర్చేదాన్ని. పాప పుట్టాక మానేశాను, కాదు, మానిపించారు. ఇన్నేళ్ళకి పింగాణీ సామాన్ల షాపావిడ నన్ను నమ్మి నలభై గిన్నెల ఫోటోలు తీయమంది. "మా షాపు కేటలాగు పుస్తకంలో అన్నీ పక్కపక్కనే వేస్తాం. వెలుతురు ఒక్కలాగే పడాలి. బాగా వస్తే ఇక మా షాపు పనంతా నీదే" అంది. ఈ ఒక్కటీ పోతే నన్ను పిలిచి పనిచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరు. లైట్లంటారా, ఇంట్లో ఉన్నవే. అత్తయ్య మంచం పక్కనుండే దీపానికి గొడుగు తీసేసి బటర్ పేపర్ చుట్టాను. మా ఆయన చదువుకునే రోజుల నాటి టేబుల్ లాంప్‌కి చిల్లుపడ్డ సత్తుగిన్నె తొడిగాను, వెలుతురు చెదరకుండా ముందుకే పడుతుందని. అటక మీద పడున్న వేలాడే దీపాన్ని తుడుపు కర్రకి కట్టి ఇసుక బకెట్‌లో నిలబెట్టాను. ఇంట్లో అంత పొడుగు కర్ర అదొక్కటే మరి. తెల్ల దుప్పటి మీద మొదటి గిన్నె పెట్టి మూడు దీపాలూ వేస్తే, నీడ అంచు ఎంత మెత్తగా వచ్చిందో! ఏడుపొచ్చింది నాకు. చేతులు ఏదీ మర్చిపోలేదు.

కానీ సాయంత్రం ఆరయ్యేసరికి ఎక్కడి దీపం అక్కడ ఉండాలి. "సరదాగా చేసుకో, నేనేమైనా వద్దన్నానా? ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేకుండా చూసుకో, అంతే" అన్నాడు మా ఆయన, ఎంతో పెద్ద మనసుతో. దీపాలకి చుట్టిన కాగితాలు చూసి, "వీటికేమైనా జలుబు చేసిందా, దుప్పట్లు కప్పావ్?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నాకు ఒళ్ళు మండేది అక్కడే, నేనూ నవ్వుతాను. రోజూ విప్పడం, రోజూ మళ్ళీ కట్టడం. అందుకే ఆ గీతలు. ఇరవై ఆరు గిన్నెలయ్యాయి. మిగతావి రేపు పొద్దున్నకల్లా ఇవ్వాలి.

గుర్తున్నంతవరకూ దీపాలు మళ్ళీ పెట్టి చూశాను. నీడ పొడుగైంది. జరిపాను. వెలుతురు ఎక్కువై అటుపక్క గిన్నె అంచు తెల్లగా మాడిపోయింది. అయిదుసార్లు జరిపాను. పాత ఫోటో పక్కన పెడితే కొత్త ఫోటోలోది వేరే ఊళ్ళో చేసిన గిన్నెలా ఉంది. షాపావిడకి ఫోన్ చేసి రెండు రోజులు గడువడిగాను. "అచ్చుకి ఇచ్చేస్తున్నామమ్మా. రేపటికి కాదంటే చెప్పు, వేరే అతను ఉన్నాడు. ఏమీ అనుకోకు" అంది. తడి నేల మీదే కూలబడి ఏడ్చాను.

"గిన్నెల కోసం ఏడుస్తావేంటే? ఇంట్లో నీకేం తక్కువైందని?" అంది అత్తయ్య గుమ్మంలోంచి. ఆవిడ చెడ్డదేం కాదు. ఆవిడ చేత కూడా ఎవరో ఇలాగే తుడిపించే ఉంటారు. లేచి కళ్ళు తుడుచుకున్నాను.

పాత వెలుతురు ఇక దొరకదు. ఉన్నది ఒకటే దారి, నలభై గిన్నెలూ మళ్ళీ మొదట్నుంచి తీయాలి. అయ్యేదాకా ఏ దీపాన్నీ ఒక్క అంగుళం కూడా కదపకూడదు. కర్టెన్లు వేసి, కర్రకి దీపం బిగించి కట్టి మొదలుపెట్టాను. మధ్యాహ్నం తిన్నానో లేదో గుర్తులేదు. బడి నుంచి వచ్చిన పాప పాలు ఒలకబోసింది. చూశాను. చూసి, తర్వాతి గిన్నె తీసుకున్నాను.

ముప్ఫై ఒకటో గిన్నె దగ్గరుండగా మా ఆయన వచ్చాడు. "అమ్మ గదిలో చీకటేంటి? నా లాంప్ ఏది?" అంటూ గదిలోకి వచ్చి అట్టకట్టిన పాల దగ్గర ఆగాడు.

"పొద్దుట్నుంచీ ఇదేరా. ఉలకదు, పలకదు" అంది అత్తయ్య.

"ఇదేంటి, తుడవలేదా? తుడుపు కర్ర ఎక్కడ?" అన్నాడు. తను తుడుద్దామని అడగలేదు, నాకు గుర్తు చేద్దామని అడిగాడు. 'ఇదిగో, ఒక్క నిమిషం' అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చేసింది. మింగేశాను.

"కర్ర ఖాళీగా లేదండీ" అన్నాను, కెమెరా మీంచి కన్ను తీయకుండా. "నేనూ ఖాళీగా లేను. కాస్త పక్కకి జరగండి, గిన్నె మీద మీ నీడ పడుతోంది."