కొలత తీసి చేసిన సోళ్ళు

మా పడకగదిలో, పద్మావతి పడుకునే వైపు, సున్నం వేసిన గోడ మీద ఒక మరక పడింది. నేల నుంచి మూడడుగుల ఎత్తున, అరచెయ్యంత వెడల్పు. మొదట చెమ్మ అనుకున్నాను. తుడిస్తే పోలేదు. రెండు రోజులు కళ్ళు మూసుకున్నట్టు పడుకుని గమనించాక తెలిసింది, అది నా భార్య చెయ్యి. పొద్దున నాలుగున్నరకు లేచి కాలు కింద పెట్టగానే ఆమె ఆ గోడను పట్టుకుంటోంది. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు అలాగే నిలబడి, అప్పుడు రెండో అడుగు వేస్తోంది. గోడకు అంత మరక పడాలంటే ఎన్ని పొద్దులు పట్టి ఉంటాయి? నా అంచనాలో తక్కువలో తక్కువ ఐదు నెలలు. ఐదు నెలలుగా నాకు ఒక్క మాట చెప్పలేదు.

నా పేరు లచ్చయ్య. తార్నాక చౌరస్తా వెనక గల్లీలో మాకు మెస్సు ఉంది. అంతకుముందు మల్కాజ్‌గిరిలో కిరాణా కొట్టు నడిపాను. బియ్యం అమ్మితే మిగిలేదాని కంటే అన్నం అమ్మితే మిగిలేది ఎక్కువని తెలిశాక కొట్టు ఎత్తేశాను. హాస్టల్లో సీటు దొరకని యూనివర్సిటీ పిల్లలు యాభై మంది రెండు పూటలా మా దగ్గరే తింటారు. సరుకులు తేవడం, టోకెన్లు చూడటం, గొడవలు తీర్చడం నా పని. వంట పద్మావతిది. కూరగాయలు తరగడానికీ అంట్లకూ ఒక మనిషి ఉంది గాని, పొయ్యి మాత్రం పద్మావతి ఎవరికీ ఇవ్వదు. పిల్లలు వచ్చేది ఆమె చేసే పప్పు కోసం. ఆ చెయ్యి ఆగితే మెస్సు ఆగినట్టే. గోడ మీద మరక ఏమిటో అర్థమైనప్పుడు నాకు మొదట తోచింది ఇదే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, మొదట తోచింది ఇదే.

ఇది తొంభై ఐదు జూలై మాట. కాలేజీలు తెరిచిన రోజులు.

ఆమెను తీసుకెళ్తే ఎముకల డాక్టరు ఎడమ మడమ నొక్కి చూశాడు. పద్మావతి అరవలేదు, నా భుజం గిల్లింది. మడమ ఎముక కింద పొర వాచిందని, గంటల తరబడి గట్టి నేల మీద నిలబడేవాళ్ళకు ఇది వస్తుందని చెప్పాడు. నిలబడటం తగ్గించాలన్నాడు. పొద్దున మంచం దిగకముందే పిక్కలూ పాదమూ సాగదీసే కసరత్తు చెయ్యాలన్నాడు. అప్పటికీ తగ్గకపోతే పాదం అచ్చు తీసి చేసే సోళ్ళు ఉంటాయి, షూలో వేసుకుంటే మడమ మీద భారం తగ్గుతుంది, కొందరికి అవి బాగా పనిచేస్తాయి, కొందరికి బజారులో దొరికే మామూలు మెత్త సోళ్ళే సరిపోతాయి అన్నాడు.

ఆయన చెప్పిన మూడింటిలో డబ్బిచ్చి కొనగలిగేది ఒక్కటే. నా చెవికి అదే వినపడింది.

వాకబు చేస్తే తొమ్మిది వందలన్నారు. ఏ వస్తువు కొనాలన్నా నేను రెండు సంగతులు చూస్తాను. ఎన్నాళ్ళు మన్నుతుంది, అక్కర తీరాక ఎవరికి అమ్మొచ్చు. రెండోదానికి జవాబు లేదు. ఒకరి పాదం అచ్చుతో చేసిన వస్తువుకు లోకంలో రెండో గిరాకీ దొరకదు. అందుకని వెనకాడుతుంటే సామేలు ఒక దారి చెప్పాడు. సామేలు జనగామ వైపు పల్లె నుంచి వచ్చి చరిత్రలో పరిశోధన చేస్తున్నాడు, నాలుగేళ్ళుగా మా దగ్గరే తింటున్నాడు.

"సేటూ, గ్రౌండ్‌ల పిల్లలకు ఉరుకుడు నేర్పే రజిని అక్క ఉన్నది. గామె ఏసుకుంటది గసొంటియి. ఊకె పరేషానయ్యే బదులు పోయి అడుగుదాం పా."

ఆర్ట్స్ కాలేజీ దాటి గ్రౌండుకు వెళ్ళాం. రజిని మెట్ల మీద కూర్చుని షూ విప్పి, లోపలి సోలు తీసి నా చేతిలో పెట్టింది. తోలు నల్లబడింది. మడమ చోట గుంట, ముందు ఐదు వేళ్ళ గుర్తులు విడివిడిగా. బాగా వాడిన సరుకు.

"నొప్పి తగ్గిందా అమ్మా?"

"తగ్గింది అంకుల్. మొదట్ల పొద్దుగాల లేస్తే కండ్లల్ల నీళ్ళొచ్చేటియి. ఇప్పుడేం లేదు."

"అంటే గీటితోనే తగ్గిందన్నట్టు."

"గదే చెప్పలేను. ఇవి ఏసుకున్నప్పుడే రెండు నెలలు ఉరుకుడు బంద్ చేసిన. దేంతోని తగ్గిందో దేవునికే ఎరుక."

సామేలు పెద్దగా నవ్వాడు. "విన్నవా సేటూ? మా రీసెర్చిల గూడ గిదే కిరికిరి. రెండు పనులు ఒక్కపారే చేస్తే ఏది పనిచేసిందో తెల్వది."

"తగ్గిందా లేదా? తగ్గింది. నాకు గంతే చాలు," అన్నాను.

కాచిగూడలో కొయ్యకాళ్ళు, పోలియో పిల్లల కాళ్ళకు కట్టే ఇనప కాలిపర్లు చేసే రత్నాకర్ దగ్గరికి పద్మావతిని తీసుకెళ్ళాను. అతను స్టూలు మీద కూర్చోబెట్టి పాదం పట్టుకోబోతే ఆమె వెనక్కి లాక్కుంది.

"సిగ్గుపడకు అమ్మా. దినాం కాళ్ళు పట్టుకునే బతుకుతున్న నేను," అన్నాడు.

తడి ప్లాస్టరు పట్టీలు చుట్టడానికి అతను పాదం పైకెత్తాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో నా భార్య అరికాళ్ళు నేను చూడటం అదే మొదటిసారి. పైన ట్యూబులైటు వెలుగుతోంది. మడమల చుట్టూ పగుళ్ళు, ఆ పగుళ్ళలో కడిగినా పోని పసుపు, పిండి. చూపు తిప్పుకుని బేరం మొదలుపెట్టాను.

"నొప్పి ఎడమ కాలికే కదా. గదొక్కటే చెయ్యి. నాలుగు వందల యాభై ఇస్త."

"ఒక కాలు ఎత్తి ఒక కాలు దించితే అమ్మ నడుము గుంజుతది సేట్‌సాబ్. అప్పుడు నడుముకు బెల్టు గూడ నా తాననే కొనాలె. నాకైతే మంచిదే, చెప్పు, ఒక్కటే చేస్త."

పద్మావతి నవ్వింది. చాలా రోజుల తర్వాత. నేను తొమ్మిది వందలకు ఒప్పుకున్నాను.

కొలతలు రాసుకుంటూ అతను అడిగాడు, "అమ్మ దినాం ఎన్ని గంటలు షూల ఉంటది?"

పద్మావతి నోరు తెరిచింది. ఈలోగా నేనే చెప్పేశాను. "పొద్దంత కాళ్ళ మీదనే ఉంటది."

అతను అడిగింది షూ గురించి. నేను చెప్పింది కాళ్ళ గురించి. అతను తలూపి రాసుకున్నాడు. పద్మావతి నోరు మూసుకుంది.

పది రోజులకు సోళ్ళు వచ్చాయి. వాటికి సరిపడే కాన్వాసు షూలు కొన్నాను. ఆమె చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి, షూలతో గల్లీలో నాలుగడుగులు వేసింది. "ఆంటీ, పతకం తెస్తే మాకు పాయసం పెట్టాలె," అని సామేలు కేక వేశాడు. అందరం నవ్వాం. నా మటుకు నేను బాధ్యత తీర్చుకున్నాననుకున్నాను.

ఐదు వారాలు గడిచాయి. గోడ మీద మరక తగ్గకపోగా కిందికి ఇంకో రెండు వేళ్ళు పెరిగింది. ఇప్పుడు చేతి మీద మరింత బరువు వేస్తోందన్నమాట. నాకు కోపం వచ్చింది. సరుకు చెడ్డదైతే అమ్మినవాడి మొహాన కొట్టడం నాకు అలవాటే. సోళ్ళు తీసుకుని కాచిగూడ వెళదామని, గుమ్మం బయట మెట్టు మీదున్న షూలలోంచి వాటిని బయటికి లాగాను.

తోలు తెల్లగా ఉంది. మడమ చోట గుంట లేదు. వేళ్ళ గుర్తులు లేవు. అంచున బూడిదరంగు గీత ఒకటి. వాడిన సరుకేదో వాడనిదేదో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. గ్రౌండులో రజిని చేతిలో పెట్టిన సోలు గుర్తొచ్చింది.

రెండూ పట్టుకుని వంటింటి గడప దాకా వెళ్ళాను. ఆమె పప్పు ఎనుపుతోంది.

"ఇవి ఏసుకుంటలేవా?"

"ఏసుకుంటున్న. కూరగాయలకు పోతే ఏసుకుంట, గుడికి పోతే ఏసుకుంట."

"వంట చేసేటప్పుడు?"

ఆమె పప్పుగుత్తి ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "పొయ్యికాడ చెప్పులా? అన్నం వండే జాగలనా? మీ అమ్మ ఉంటే ఇదే పప్పుగుత్తితోని కొడుతుండె నన్ను. నిన్ను గూడ."

పొయ్యి పైన అరలో దేవుడి పటాలు ఉన్నాయి. కింద షాబాదు బండలు, ఎప్పుడూ తడిగా. గడప ఇవతల నా చెప్పులు విడిచి ఉన్నాయి. గల్లాపెట్టె దగ్గర కూర్చునే ముందు నేను కూడా చెప్పులు విడుస్తాను. పుట్టినప్పటి నుంచీ విడుస్తున్నాను. అందుకే నాకు తట్టలేదు. రోజుకు పదకొండు గంటలు ఆమె ఆ బండల మీద వట్టి కాళ్ళతో నిలబడుతుంది. షూలలో ఉండేది నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల కోసం నేను కాచిగూడ దాకా వెళ్ళి అచ్చులు తీయించాను.

"సరే, ఇంకో జత కొందాం," అన్నాను. "ఇంట్లకే. గడప దాటని జత. పటాలు ముందటి అర్రలకు మారుస్త."

ఆమె మంట తగ్గించింది.

"దేవుని పటాలు జరుపుతవు. షూలు రెండో జత కొంటవు. పొయ్యికాడికెంచి నన్ను మాత్రం జరపవు."

"గట్లెందుకంటవు?"

"మరెట్లనాలె? డాక్టరు మొట్టమొదట ఏం చెప్పిండు? నిలవడుడు తగ్గించుమన్నడు. నేను గూడ ఆడనే ఉన్న, నాకు గూడ చెవులున్నయి. ఇన్ని రోజుల సంది నువ్వు ఆ మాట ఒక్కపారన్న ఎత్తినవా? గుర్రం కుంటుతున్నదని నాడాలు కొట్టిచ్చినవు. గుర్రం మల్ల బండి గుంజాలె, గంతే."

ఏదో ఒకటి అనాలని, "ఐదు నెలలు నొప్పున్నా నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తే ఏం చేస్తవు? లెక్క చేస్తవు."

ముందు గదిలోకి వచ్చి కూర్చున్నాను. ఆమె అన్నది అబద్ధమైతే బాగుండునని అందులో తప్పు వెతికాను, దొరకలేదు. డాక్టరు చెప్పిన మొదటి మాట నాకు వినపడకపోలేదు. సాయంత్రం పూట వంట ఆపితే పిల్లలు సగం మంది పోతారు, ఇంకొకరిని పెడితే పప్పు రుచి పోతుంది, కాబట్టి అది కుదరదు. ఈ లెక్క డాక్టరు దగ్గర నుంచి మేం మెట్లు దిగేలోపే నాలో అయిపోయింది. సోళ్ళు పనికొస్తాయా రావా అని ఊరంతా తిరిగి అడిగాను. వాటిని ఎందుకు కొంటున్నానని నన్ను నేను అడగలేదు.

మర్నాడు నాలుగు గోనెసంచులు మడిచి పొయ్యి ముందు పరిచాను. ఎత్తైన స్టూలు ఒకటి తెచ్చాను. రాత్రి పూట ఇక కిచిడీ, ఆవకాయ మాత్రమే, అదీ నేనే వండుతానని పిల్లలకు చెప్పాను.

"సేటూ, గిది మెస్సా, జైలా?" అన్నాడు సామేలు మొదటి రోజు ముద్ద నోట్లో పెట్టుకుని. పద్మావతి స్టూలు మీద నుంచి, "ఉప్పు డబ్బా చూపెడితే నా దిక్కు చూస్తడు, నా దిక్కు చూస్తే ఉప్పు మరుస్తడు," అంది. రెండు వారాల్లో పదకొండు మంది బౌద్ధనగర్ దిక్కు ఇంకో మెస్సుకు వెళ్ళిపోయారు. సామేలు పోలేదు. నాలుగో రోజుకే నా పిక్కలు రాళ్ళయ్యాయి, కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. ఆ మాట నేను పద్మావతికి చెప్పలేదు.

సాయంత్రం నేను బియ్యం కడిగే వేళకు ఆమె షూలు వేసుకుని ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి వస్తోంది. పొద్దున మంచం మీదే కాళ్ళు సాగదీస్తోంది. సోళ్ళ మీద ఇప్పుడు మడమ గుర్తు పడింది, వేళ్ళ గుర్తులు ఇంకా పడాలి. మొన్న రత్నాకర్ ఇటు వచ్చినప్పుడు, "ఏమైంది సేట్‌సాబ్, నా సరుకు పనిచేసిందా?" అని అడిగాడు. నాకు తెలియదని చెప్పాను. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో సరుకు గురించి అలా చెప్పడం అదే మొదలు.

మరక మళ్ళీ పడుతుందో లేదో చూద్దామని గోడకు సున్నం వేయించాను. ఆ పూట పద్మావతి చూసి, "ఏంది, గోడ మీద గూడ లెక్క పెట్టినవా?" అంది. పెట్టాను. ఆమె కంటే ముందే మెలకువ వస్తోంది నాకు. కళ్ళు మూసుకుని, కాలు కింద పెట్టే చప్పుడు కోసం, ఆ తర్వాత అరచెయ్యి గోడకు తగిలే చప్పుడు కోసం వింటాను. ఈ వారంలో నాలుగు రోజులు చెయ్యి చప్పుడు లేదు. నిన్న లేదు.

ఇవాళ ఉంది. నేను వినకూడదని, చాలా మెల్లగా పెట్టింది.