ముగియని ఆఖరి రౌండు

నాచారంలో లేత్ మిషన్ నడిపే బుచ్చిరాములుకు నీడ లేదు. సాయంత్రపు ఎండలో చాయ్ తాగడానికి బయటికొచ్చినా ఆయన పక్కన నేల తెల్లగానే ఉంటుంది. అదేమని ఎవరూ అడగరు. ఆ నీడ ఉప్పల్ అవతల, చిన్న విమానాలు దిగే రన్‌వే మీద ఉందని అందరికీ తెలుసు.

ముప్పై ఎనిమిదేళ్ల కిందట ఆదివారాలు అక్కడ బైకు పందేలు జరిగేవి. ఫ్యాక్టరీ పనివాళ్లే రేసర్లు. ఒక పందెంలో, ఆఖరి రౌండులో, బుచ్చిరాములు జారిపడ్డాడు. ఆయన పడ్డాడు గానీ ఆయన నీడ పడలేదు, బండి నీడ మీద కూర్చుని ముందుకే పోయింది. ముగింపు గీత దగ్గర గళ్ల జెండా ఊపాల్సిన సంజీవరావు దాన్ని పారేసి స్నేహితుడి దగ్గరికి పరుగెత్తాడు. జెండా ఊపందే పందెం ముగిసినట్టు కాదు కదా. పందేలు ఆగిపోయాయి, నీడ మాత్రం తిరుగుతూనే ఉంది. రన్‌వే అంచున మిరపకాయలు ఎండబోసే సత్తమ్మ దానికి దారి వదిలి ఆరబోస్తుంది.

బుచ్చిరాములు మళ్లీ బండెక్కలేదు. ఆదివారం ఆదివారం వెళ్లి, కంచె పక్కన నిలబడి నీడను చూసొస్తాడు.

ఈ ఏడాది పందేలకు మళ్లీ అనుమతి వచ్చింది. ఆఫీసుల చుట్టూ తిరిగి తెచ్చింది ఆయన కూతురు దీపే, తనూ పందెంలో ఉంది. పొద్దున్నే రేసర్లంతా వరసగా నడుస్తూ రన్‌వే మీది రాళ్లు ఏరారు. కానీ నీడ ఇంకా తిరుగుతూనే ఉంది, ట్రాక్ ఖాళీ కాకుండా కొత్త పందెం మొదలుపెట్టకూడదు.

చర్చి నుంచి నేరుగా వచ్చిన సంజీవరావు పాత జెండా తీశాడు. "నేను ఊపితే అది సూస్తలేదు రాములు. నువ్వు ఊపు."

బుచ్చిరాములు చెయ్యి చాపలేదు. "నాకున్నదాంట్ల జోరుగ ఉరికేది గదొక్కటే సంజీవా. గదీ ఆగితే నేను ఒట్టి ముసలోణ్ని."

దీప కాసేపు నీడనే చూసి హెల్మెట్ తీసేసింది. "వద్దులే నాయినా. ఉరకనీ. ఇంటికి వోదాం."

ఆయన ఆమె చేతిలోని హెల్మెట్‌ను, వెనక ఆగిన రేసర్లను చూశాడు. జెండా లాక్కుని గీత దగ్గరికి నడిచి, రెండు చేతులతో ఊపాడు.

నీడ గీత దాటింది. నెమ్మదించి, తిరిగి వచ్చి ఆయన కాళ్ల దగ్గర ఆగింది. అరవై రెండేళ్ల మనిషికి ఇరవై నాలుగేళ్ల నీడ, నడుము నిటారుగా ఉంది. దాని కుడిచెయ్యి ఇంకా యాక్సిలరేటర్ తిప్పుతూనే ఉంది. చూస్తుండగా బుచ్చిరాములు మణికట్టూ తిరగడం మొదలైంది.

"బిడ్డా, పందెంల ఇంకొక పేరు రాసుకుంటరా?" అన్నాడు.

దీప తన హెల్మెట్ తెచ్చి ఆయన తలకు పెట్టింది. నీడకు అప్పటికే ఒకటి ఉంది.