ఎర్ర చిగురు

తెల్లటి బట్ట మీద లేత ఎరుపు చుక్క.

మిషను ఆపి వేళ్లు చూసుకున్నాను. సూది గుచ్చుకోలేదు.

కిటికీ బయట చెట్టు చిగురు వేస్తోంది... ఎర్రగా, నిగనిగలాడుతూ. గదిలో మాత్రం ఏదో వాసన. కుళ్లు వాసన.

ఎక్కడిదీ?

వదిన వచ్చినప్పటి నుంచే ఇది. వదినంటే మా ఆయన అక్క. ఒంటరిగా ఉండలేనంటూ ఓ పెట్టెతో వచ్చి ముందుగదిలో సర్దుకుంది. రావచ్చు, కాదనను. కానీ నవ్వినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఏం దాస్తోందో...

నా కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాను. మర్నాడు ఇంకాస్త.

మా ఆయనతో అంటే, కుక్క ఉన్న ఇల్లు అలాగే ఉంటుంది, కుక్క నోరంటే కుక్క నోరే మరి, అని కొట్టిపారేశాడు. అక్కను వెనకేసుకు రావడం ఆయనకు కొత్తా!

కుక్క — మా బొగ్గు. నల్లగా ఉంటాడని ఆ పేరు. నా మిషను కింద, నా పాదాల మీద గడ్డం ఆనించి పెరిగాడు. వాడంటే నాకు ప్రాణం.

ఆ బొగ్గు ఇప్పుడు గిన్నె ముందు నిలబడి ఆలోచిస్తున్నాడు. ఒకవైపే నములుతున్నాడు. సగం జారవిడుస్తున్నాడు. మూతి నిమరబోతే తల తిప్పేసుకుంటున్నాడు.

ఎవరో కొడుతున్నారు వీణ్ని.

ఎవరో ఏంటి... నేను బయటికి వెళ్తే వాడి దగ్గర ఉండేది ఎవరని?

కళ్లలో వత్తులు వేసుకుని కాపు కాశాను. కుట్టిన బట్టలు ఇచ్చొస్తానని చెప్పి, తలుపు గట్టిగా వేసి, చెప్పులు చేత్తో పట్టుకుని పెరటి దారిన వెనక్కి వచ్చాను. సిగ్గా? బొగ్గు కోసం నాకు సిగ్గేమిటి.

తలుపు సందులోంచి చూశాను.

వదిన నేల మీద కూర్చుని ఉంది. ఒళ్లో బొగ్గు తల. ఒక చేత్తో వాడి పెదవి ఎత్తింది. రెండో చేతి వేలికి నా తెల్లబట్ట ముక్క చుట్టి, వాడి నోట్లో పెట్టింది. బయటికి తీసిన ముక్క ఎర్రగా ఉంది.

తలుపు తోసేశాను.

“ఏం పెడుతున్నారు వదినా వాడి నోట్లో?”

వదిన ఉలిక్కిపడలేదు. “పెట్టడం లేదమ్మా, చూస్తున్నా. రా, నువ్వూ చూడు.”

పళ్ల మొదట్లో గోధుమరంగు గార. దాన్ని ఆనుకుని ఉబ్బిన చిగుళ్లు, ఎర్రటి గీత గీసినట్టు. ఇక వాసన... అదే. ఇన్నాళ్ల ఆ వాసనే. వదినది కాదు.

“నాకిది తెలిసిన వాసనే,” అంది వదిన. “ఈ కట్టుడు పళ్లు పెట్టించుకోకముందు నా నోట్లోనూ ఇదే. ఒక్కరూ చెప్పలేదు. కుర్చీలు జరుపుకున్నారు, అంతే.”

ఇద్దరం బొగ్గును పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం.

పశువుల డాక్టరమ్మ కూడా అలాగే పెదవి ఎత్తి చూసింది. వెనక పళ్లు రెండు కదిలిపోయాయి, మత్తిచ్చి తీసేయాలంది. మిగతావి నిలవాలంటే రోజూ కుక్కల పేస్టుతో తోమాలట. మన పేస్టు పనికిరాదట, కుక్కలు మింగేస్తాయట. నోటి వాసన మామూలే అని ఊరుకోకుండా ముందే చూసి ఉంటే, అంటూ ఆగిపోయింది.

కిటికీ బయట ఎరుపు చూసి రోజూ మురిసిపోయాను. కాళ్ల దగ్గర ఎరుపు చూడనే లేదు.

రెండు పళ్లూ పోయాయి.

ఇప్పుడు సాయంత్రం కాగానే ఇద్దరం నేల మీద కూర్చుంటాం. వదిన తల పట్టుకుంటుంది. నేను తోముతాను. తోమి, తెల్లటి బట్టతో తుడిచి, కిటికీ దగ్గర పట్టి చూస్తాను. ఎరుపా... నీడా?

“ఏం లేదులే,” అని వదిన నవ్వుతుంది — నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

దగ్గరికి జరుగుతాను. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరికి.

ఆ చెయ్యి దిగదు.

నా కుర్చీ సంగతి ఆమెకు తెలుసా... అడగలేను.

తెల్లటి బట్టను మళ్లీ వెలుతురుకు పట్టి చూస్తాను.