పిన్ని కుట్టిన తెర

కుట్టుపిన్ని పొద్దున్నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. కుట్టవలసింది ఒక్క తెర. రెండు తెల్ల దుప్పట్లు కలిపి నడుమ ఒక కుట్టు వేసి, తాడు దూర్చడానికి పై అంచు మడిస్తే పని అయిపోతుంది. పేటలో సగం మంది బట్టలు కళ్ళు మూసుకుని కుట్టే మనిషి, ఆ ఒక్క కుట్టునూ వేసి విప్పి, వేసి విప్పి, సూది విరగ్గొట్టింది. దారం అయిపోయిందని బజారుకు వెళ్ళి, దారం కొనకుండానే తిరిగొచ్చింది.

సాయంత్రం గ్రంథాలయం హాల్లో ఆ తెర మీద పొట్టి సినిమాలు వేస్తారు. 'ప్రేమ ఎన్ని రకాలు' అని గోడలకు కాగితాలు కూడా అంటించారు. తీసినవాళ్ళంతా పేట కుర్రకారే. ఆఖరి సినిమా అక్క కూతురిది. అందులో ఉన్నది కుట్టుపిన్నే.

ఆ పిల్ల ఒకరోజు కెమెరా పట్టుకొచ్చి మిషను పక్కన కూర్చుంది. "పిన్నీ, నువ్వు బాగా ప్రేమించింది దేన్ని?" అని అడిగింది. చేతిలో బట్ట ఉంటే పిన్నికి నోటి మీద అదుపుండదు. ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్నదంతా చెప్పేసింది.

దాచుకున్నది చిన్నదేం కాదు. పాతికేళ్ళ కిందట అక్క ఈ పిల్లను కని మంచం పట్టింది. అప్పటికే చెల్లెలికి పెళ్ళి కుదిరి ఉంది. అక్కకు సాయానికని వచ్చిన చెల్లెలు, "అక్క లేచేదాకా నా దగ్గర పెళ్ళి మాట ఎత్తొద్దు" అని కూర్చుంది. పెళ్ళివారు కొన్నాళ్ళు చూసి వేరే పిల్లను చూసుకున్నారు. అక్క లేచి తిరిగింది, చెల్లెలు మాత్రం ఉండిపోయింది.

తన కోసం చెల్లెలు బతుకంతా ధారపోసిందని అక్క ఆనాడే తీర్మానించేసుకుంది. ఇంట్లో రెండు కిటికీలున్న ఒకే ఒక్క గదిని చెల్లెలికిచ్చింది. మొదటి కప్పు టీ చెల్లెలికే. అక్కది మామూలు నోరు కాదు. మొగుణ్ణీ, కూతుర్నీ, ఆఖరికి మెట్ల మీద పడుకునే పిల్లినీ వదిలిపెట్టదు. చెల్లెల్ని మాత్రం పల్లెత్తు మాట అనదు. చిన్నప్పుడు నోరారా "ఒసేయ్" అని పిలిచిన మనిషి, అప్పట్నుంచీ "తల్లీ" అంటోంది. ఇల్లంతా రాలిన గుండుసూదులు కాలికి గుచ్చుకున్నా, కిక్కురుమనకుండా ఏరి డబ్బాలో వేస్తుంది.

నిజానికి ధారపోయడానికి అక్కడేమీ లేదు. పిన్నికి ఆ పెళ్ళి ససేమిరా ఇష్టం లేదు. ఏ పెళ్ళీ ఇష్టం లేదు. అక్క జబ్బు ఆవిడకు దేవుడిచ్చిన సాకు. మొదట్లో చెప్పడానికి ధైర్యం చాల్లేదు. తర్వాత గది పోతుందని చెప్పలేదు. ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియలేదు.

మధ్యాహ్నం పిల్లను పట్టుకుని బతిమాలింది.

"ఆ ముక్క తీసెయ్యవే. మీ అమ్మ వింటే తట్టుకోలేదు."

"అది తీసేస్తే ఇంకేముంది పిన్నీ, మిషను చప్పుడు తప్ప?"

"ఆ చప్పుడే వెయ్యి."

"నేను పుట్టడం వల్లే నీ పెళ్ళి చెడిందని చిన్నప్పట్నుంచీ వింటున్నాను. నా పుట్టినరోజు వస్తే చాలు, అమ్మ నీ వంక చూసి కళ్ళు తుడుచుకుంటుంది. నాకెలా ఉంటుందో ఎప్పుడైనా అడిగావా?"

పిన్ని అడగలేదు. గదిలోకి వెళ్ళి, తెర లేకుండా సినిమా ఎలా వేస్తారో చూద్దామని, దాన్ని బీరువాలో కుక్కి తాళం వేసింది.

కాసేపటికి అక్కే వచ్చింది. "తెర అయిందా తల్లీ? పొద్దున్నుంచీ నడుం వంచి కుట్టావు, నేను మోస్తాలే, ఇలా ఇవ్వు."

"తలనొప్పిగా ఉందక్కా. మనం మానేద్దామా?"

"నీ సినిమా వేస్తుంటే మానేయడమేంటి? టీ పెట్టిస్తా, తాగి పోదాం."

తాళం తీయక తప్పలేదు. అక్క ఆ తెరను భుజాన వేసుకుని వీధంతా అందరికీ చూపిస్తూ నడిచింది. వెనక పిన్ని కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళింది.

హాల్లో బావ ముందు వరసలో గొడుగొక కుర్చీలో, కళ్ళజోడొక కుర్చీలో పెట్టి కాపలా కాస్తున్నాడు. దీపాలు ఆర్పారు. పావురాలను సాకే ఎలక్ట్రీషియన్ ప్రేమ అయింది. విడాకులయ్యాక కూడా పాత మొగుడికి తనే జుట్టు కత్తిరించే సెలూన్ ఆవిడ ప్రేమ అయింది. జనం నవ్వారు, ముక్కులు చీదారు. పిన్నికి ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. నడుమ కుట్టు వంకరపోయి, తెర మీదికొచ్చిన ప్రతివాడి మొహమూ కాస్త పక్కకి జరిగినట్టుంది. ఆవిడ ఆ వంకరనే చూస్తూ కూర్చుంది.

తర్వాత తెర మీద తన చేతులు కనబడ్డాయి, తన గొంతు వినబడింది.

"ప్రేమంటే నాకు ఈ మిషను, ఈ కత్తెర, ఆ తలుపు గడియ. గడియ వేసుకుని కూర్చుంటే నా అంత సుఖపడేవాళ్ళు లేరు. తన వల్లే నా పెళ్ళి చెడిందని మా అక్క ఏడుస్తుంది, పిచ్చిది. తను మంచం పట్టకపోతే నేను ఇంట్లోంచి పారిపోయేదాన్ని. మా అక్కంటే నాకు ప్రాణం. కానీ తన కోసం నేనేమీ వదులుకోలేదు."

అక్క లేచి బయటికి వెళ్ళిపోయింది.

పిన్నీ లేచింది. అడ్డొచ్చిన కాళ్ళన్నీ తొక్కుకుంటూ పరుగెత్తింది. అక్క హాలు మెట్ల మీద అటు తిరిగి కూర్చుని ఉంది.

"అంటే, నా వల్ల కాదా?"

"కాదక్కా."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

అబద్ధమాడే ఓపిక పిన్నికి లేకపోయింది. "గది తీసేసుకుంటావని."

అక్క గిరుక్కున ఇటు తిరిగింది. మొహమంతా తడిగా ఉంది, కళ్ళు మాత్రం నిప్పులు కక్కుతున్నాయి.

"ఒసేయ్ దొంగమొహందానా! రెండు కిటికీల గదిలో నువ్వు కాళ్ళు చాపుకుని పడుకుంటే, నేను ఆ చీకటి కొట్లో ఆయన గురక వింటూ చచ్చానే! నీ సూదులు గుచ్చుకుని నా అరికాళ్ళు జల్లెడయ్యాయి. నోరెత్తానా? నిన్ను తిట్టాలని నాలుక ఎంత దురద పెట్టిందో నీకేం తెలుసే!"

"తిట్టక్కా."

"తిడతాను! రేపట్నుంచి ఆ గది నాది."

"నా మిషనో?"

"నీ నెత్తిన పెట్టుకో!"

పిన్నికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వెళ్ళి అక్క పక్కనే మెట్టు మీద కూలబడింది. అక్క ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని మరీ తిట్టడం సాగించింది.

కేకలు విని బావ గొడుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది, ఏమైంది?"

"మీరు లోపలికి వెళ్ళండి," అంది అక్క. "అక్కాచెల్లెళ్ళం పోట్లాడుకుంటున్నాం."