మిగిలితే ఇచ్చే సీటు

ఫెయిత్, ఆ ఫోను పక్కన పెట్టి నా మంచం మీదకి జరిగి కూర్చో. వచ్చే ఏడు నువ్వూ డిగ్రీకి దరఖాస్తు పెడతావు కదా, మీ అక్క ప్రిసిల్లా సీటు సంగతి నా నోటితోనే వినాలి. తలుచుకుంటే ఇప్పటికీ నాలుక చేదెక్కుతుంది.

ఇంటర్ మార్కులు రాకముందే మీ పెదనాన్న జెరెమియా ఊరి బయట ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీకి కూతురిచేత దరఖాస్తు పెట్టించాడు. పది రోజులకి ఉత్తరం వచ్చింది. దళసరి కాగితం, బంగారు అంచు. పెళ్లి పత్రికకి కూడా అంత ఆర్భాటం ఉండదు. పైన పెద్ద అక్షరాలతో అభినందనలు. మీ పెదనాన్న అదొక్కటే చదివాడు. కింద చీమల బారులా ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నాకు ఇంగ్లీషు రాదు, వచ్చినవాళ్లకి ఓపిక లేదు.

మేలు జరిగితే సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పడం మనవాళ్ల అలవాటు. ఆ ఆదివారమే మెట్టుగూడలోని మన చర్చిలో మైకు పట్టుకున్నాడు. "నా బిడ్డకు దేవుడు యూనివర్సిటీల సీటు ఇచ్చిండు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కేకు కోసి పంచాం. నేనూ రెండు ముక్కలు తిన్నాను. రెండోది అడిగి మరీ తిన్నాను.

తర్వాత మార్కులు వచ్చాయి. డిగ్రీ సీట్లు పంచే సర్కారు ఆన్‌లైన్‌లో ప్రిసిల్లాకి ఆడపిల్లల సర్కారు కాలేజీలో, తను మొదట కోరుకున్న మైక్రోబయాలజీలోనే సీటు పడింది. ఐదు రోజుల్లో చేరతానని ఆన్‌లైన్‌లోనే ఒప్పుకోవాలి, లేకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. పిల్ల గంతులేసింది. మీ పెదనాన్న ముఖం మాడ్చుకున్నాడు.

"సంఘం మొత్తం ముందట చెప్పిన. ఇప్పుడు గది కాదు గిది అంటే నా ఇజ్జత్ ఏం కావాలె?"

"డాడీ, నాకు గీ కాలేజే ఇష్టం."

"దేవుడిచ్చినదాన్ని వద్దంటవా?"

అక్కడే నాకు రోత పుట్టింది. తన పరువుకి దేవుణ్ని అడ్డం పెట్టుకుంటున్నాడు! అయినా నోరు మూసుకున్నాను. కేకు తిన్న నోరు కదా.

పిల్ల నాలుగు రోజులు కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికింది. ఐదో రోజు మధ్యాహ్నం, మీ పెదనాన్న తిరుమలగిరి ఆఫీసులో ఉన్నప్పుడు, ఇక చూడలేక దాన్ని పిలిచాను.

"ఆ కాగితం తే. ఒక్కో మాట తెలుగుల చెప్పు. ఆ చీమలను సుత వదలకు."

చదివింది. ఈ ఆఫర్ తాత్కాలికమట. మార్కులు చూశాక, సీట్లు మిగిలితే, అప్పుడు తమ నిర్ణయం చెబుతారట.

"మిగిలితేనా?"

"అవ్ నానమ్మా, గట్లనే ఉంది."

మీ తాత జకర్యా సికింద్రాబాద్ స్టేషన్లో టికెట్ల కిటికీ వెనక ముప్పై రెండేళ్లు కూర్చున్నాడు. వెయిటింగ్ లిస్టు టికెట్టుతో బోగీ ఎక్కి, బెర్తు నాదని పోట్లాడేవాళ్ల కథలు ఇంటికొచ్చి చెప్పి నవ్వేవాడు. ఆయన కొడుకే ఆ పని చేశాడు. అదీ చర్చిలో, మైకులో.

కాగితం మీదున్న నంబరుకి ఫోన్ చేయించాను. ఎవరో అమ్మాయి, గొంతు నిండా తేనె.

"కంగ్రాట్స్ మేడమ్!"

"సీటు ఉన్నట్టా లేనట్టా బిడ్డా?"

"మీకు ఆఫర్ ఉంది మేడమ్."

"ఆఫర్ చీరల దుకాణంల సుత ఉంటది. సీటు ఉన్నదా?"

"డిసిషన్ తర్వాత వస్తది మేడమ్. వన్స్ అగైన్ కంగ్రాట్స్!"

ఛీ! ఇవ్వని సీటుకి రెండుసార్లు అభినందనలు! ఆ ఫోను ముట్టుకున్న చెయ్యి కడుక్కోవాలనిపించింది.

"ఎన్నింటి దాంక టైము?"

"అయిదింటి దాంక."

గోడ గడియారంలో నాలుగు దాటింది.

"నొక్కు."

"డాడీ..."

"డాడీకి నేను చెప్త. నొక్కు!"

దాని ఆధార్‌కి ఇచ్చింది నా ఫోను నంబరే. ఓటీపీ ఆరు అంకెలు దానికే వచ్చాయి. అంకెలు నాకు వచ్చు. ఒక్కొక్కటే నేను చదివాను, అది కొట్టింది. సీటు దానిదైంది.

సాయంత్రం మీ పెదనాన్న ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. "పైకి చదువు" అని కాగితం చేతిలో పెట్టాను. 'మిగిలితే' దగ్గరికొచ్చేసరికి కాగితం మడిచేశాడు.

"ఆదివారం నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అన్నాను.

"ఎవ్వరం చెప్పొద్దమ్మా. మర్చిపోతరు."

పాస్టరు ధర్మరాజు గారిదీ అదే ధోరణి. "దేవుడు ఇంకా మంచి సీటు ఇచ్చాడని చెప్పండమ్మా, చాలు" అన్నారు. అబద్ధానికి మళ్లీ పూలదండ! ఆదివారం నేనే మైకు తీసుకున్నాను.

"రాని సీటు వచ్చిందని మా ఇంటోళ్లం గీడనే చెప్పినం. కాగితం చదవలే. ఆ కేకు నేను సుత తిన్న."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మీ పెదనాన్న నేల చూశాడు. కానీ బయట చెప్పులు వేసుకుంటుంటే, మల్కాజ్‌గిరి నుంచి వచ్చే నవత నా కొంగు పట్టుకుని, సంచిలోంచి అదే బంగారు అంచు కాగితం తీసింది.

"ఆంటీ, వచ్చే వారం మావోని సాక్ష్యం ఉంది. జెర మీ ప్రిసిల్లాతోని దీన్ని సుత చదివిపియ్యరా?"

మెట్ల మీదే చదివించాను. అందులోనూ 'మిగిలితే' ఉంది.

నెల తర్వాత ఆ యూనివర్సిటీ నిర్ణయం వచ్చింది. సీట్లు మిగల్లేదట. ఈసారి దళసరి కాగితం లేదు, బంగారు అంచు లేదు, ఫోన్లో రెండే ముక్కలు.

ఫెయిత్, ఇది నీలోనే దాచుకోకు. నీ క్లాసు పిల్లలకి చెప్పు, వాళ్ల అమ్మలకి చెప్పమను. నేను తిన్న రెండో కేకు ముక్క సంగతి మాత్రం వదిలిపెట్టకు, అది కూడా చెప్పు.