ఒకటి కొడితే అవును

ఆ గొంతులో కొంచెం గరుకు ఉండేది.

ఎండిన జొన్నచొప్ప మీద అరచెయ్యి రాసినట్టు...

ఈశ్వరయ్యకు ఆ గొంతే పుస్తకం.

తొమ్మిదో ఏట అమ్మవారు పోసి అతని కళ్ళు పోయాయి. చదువు మాత్రం ఆగలేదు. ఎనభై రెండులో ఉస్మానియాలో ఎమ్మే చరిత్రలో చేరాడు. వేళ్ళతో తడిమి చదువుకునే పుస్తకాలు ఆ చదువుకు దొరకలేదు.

హాస్టల్లో పక్క మంచం వీరేందర్‌ది. శంషాబాద్ పక్కన తొండుపల్లి రైతుబిడ్డ. మొదటి వారంలోనే అన్నాడు —

"నేనెట్లైన సదువుకోవాలె గద. జర గట్టిగ సదువుత. నువ్వు ఇను."

రెండేళ్ళు గట్టిగా చదివాడు.

రాజులు, యుద్ధాలు, శాసనాలు. మధ్యలో దగ్గు. మధ్యలో చాయ్. పరీక్షల ముందు గొంతు బొంగురుపోయేది. ఉప్పునీళ్ళు పుక్కిలించి మళ్ళీ మొదలుపెట్టేవాడు.

ఈశ్వరయ్యకు ఫస్ట్ క్లాసు వచ్చింది.

చదివి వినిపించినవాడికి సెకండ్ క్లాసు.

ఆ మాట చెప్పి ఇద్దరూ ఎన్నేళ్ళు నవ్వుకున్నారో!

తర్వాత ఈశ్వరయ్య ఒక సర్కారు ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్ అయ్యాడు. హైదరాబాద్ శివారు కాటేదాన్‌లో కాపురం. వీరేందర్ శంషాబాద్‌లో ఒక బళ్ళో సోషల్ సారు. ఇళ్ళకు ఫోన్లు వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి ఆదివారం మాట్లాడుకునేవారు. వీరేందర్ పేపర్లోంచి ఏదో ఒకటి చదివి వినిపించేవాడు.

రెండువేల తొమ్మిదిలో వీరేందర్ గొంతులో క్యాన్సర్ గడ్డ లేచింది.

దవాఖానలో స్వరపేటికనే తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం మిగిలింది. ఊపిరి అందులోంచే. దాని మీద పల్చని బట్ట.

ఈశ్వరయ్యకు చెప్తానంది భార్య భాగ్యమ్మ. వీరేందర్ తల అడ్డంగా ఊపాడు. పలక తీసుకుని రాశాడు —

"వానికి నేనంటే గొంతే. అది పోయిందని ఎట్ల చెప్తవ్?"

ఆదివారం ఫోన్ మోగింది.

వీరేందర్ ఎత్తకుండా ఉండలేకపోయాడు.

"వీరేందర్... అరేయ్, వీరేందర్..."

ఈశ్వరయ్యకు వినిపించింది అవతల విమానం దిగుతున్న చప్పుడే. మనిషి చప్పుడు లేదు.

ఇంకో ఆదివారం. అదే. మూడో ఆదివారం కూడా అదే.

అంతకు రెండు నెలల ముందే వీరేందర్ బిడ్డ మనీషా పెళ్ళి అయింది. జ్వరం వచ్చి ఈశ్వరయ్య వెళ్ళలేకపోయాడు. అందుకే కోపం అనుకున్నాడు. ఇంత కోపమా అనుకున్నాడు. నాలుగో ఆదివారం ఫోన్ చెయ్యలేదు.

రెండేళ్ళు చెయ్యలేదు.

రెండువేల పదకొండు, డిసెంబర్. పాత బ్యాచ్ వాళ్ళంతా కలుద్దామనుకున్నారు. దూరం నుంచి వచ్చేవాళ్ళకు వీలుగా ఎయిర్‌పోర్టు దగ్గర శంషాబాద్‌లోనే ఒక ఫంక్షన్ హాల్ మాట్లాడాడు ఎజాజ్. హాస్టల్లో వీళ్ళ ఎదుటి గదివాడు. రానంటే వినకుండా తొండుపల్లికి పోయి వీరేందర్‌ను తనే తీసుకొచ్చాడు. ఒట్టు మాత్రం వేయించుకున్నాడు వీరేందర్ — ఈశ్వరయ్యకు చెప్పొద్దని.

వెనక వరుసలో కూర్చున్నాడు.

పొద్దున పదకొండు గంటలు. ఒక్కొక్కరూ మైకు అందుకుంటున్నారు. ఒకరి వాలంటరీ రిటైర్మెంటు. ఒకరి మోకాళ్ళ ఆపరేషన్. ఒకరికి మనవరాలు. పోయినవాళ్ళ పేర్లు చదివినప్పుడు అందరూ లేచి నిలబడ్డారు — నలుగురి పేర్లు.

ఈశ్వరయ్య వంతు వచ్చింది.

"నా సంగతులు చానా ఏం లేవు. ఇంకా ఫోన్లు ఎత్తుతనే ఉన్న. నా ఎమ్మే నాది కాదు, వీరేందర్‌ది. వాడు ఈడికి రాలేదనుకుంట. ఎవరికన్న కలిస్తె చెప్పుండ్రి... పెండ్లికి రాలేకపోయిన. తప్పయింది. మాట్లాడమనుండ్రి."

హాలు హాలంతా వెనక్కి తిరిగి చూసింది.

కుర్చీ కదిలింది.

అడుగులు. మెల్లగా... మెల్లగా... దగ్గరికి.

"ఎవరు?" అన్నాడు ఈశ్వరయ్య.

అడుగులు ఆగాయి.

"ఎవరది?"

ఎజాజ్ నోరు తెరవబోయాడు. వీరేందర్ చెయ్యెత్తి వద్దన్నాడు. ఈశ్వరయ్య చేతిని పట్టుకున్నాడు. ఆ వేళ్ళను తీసి తన మెడ మీద పెట్టాడు.

బట్ట. బట్ట కింద రంధ్రం. వేళ్ళకు వెచ్చగా తగిలిన ఊపిరి.

ఈశ్వరయ్య వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"వీరేందర్... ఎప్పటి సంది?"

వీరేందర్ అతని అరచేతిలో వేలితో రెండు గీతలు గీశాడు.

"రెండేండ్లా... మరి గప్పుడు ఫోన్ల..."

వీరేందర్ వేలు కదిలింది. ఒక్కో అక్షరం. చూపున్న రోజుల్లో పలక మీద దిద్దిన అక్షరాలు ఈశ్వరయ్యకు ఇంకా గుర్తున్నాయి. కూడబలుక్కుంటూ పైకే చదివాడు. చేతిలో మైకు ఉన్న సంగతి మరిచాడు.

"నీ... మాట... వినాలని... ఎత్తిన."

ఆ మాట మైకులో హాలంతా వినిపించింది.

ఈశ్వరయ్య చెయ్యి విదిలించుకున్నాడు. దుఃఖం కాదు — కోపం.

"నాకు కండ్లు లేవని నువ్వెన్నడన్న సిగ్గువడ్డవారా? మరి నీ గొంతు పోతే నేనెందుకు సిగ్గువడ్త? రెండేండ్లు నన్ను మల్ల గుడ్డోన్ని జేసినవ్!"

వీరేందర్ తల వంచుకున్నాడు.

ఎజాజ్ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి మైకు తీసుకున్నాడు. "అన్నా, జర కూసో," అన్నాడు. ఎవరికి చెప్పాడో... ఇద్దరూ కూర్చున్నారు. పక్కపక్కన. చాలాసేపటికి ఈశ్వరయ్యే మళ్ళీ అరచెయ్యి చాపాడు.

అప్పట్నుంచి ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి.

ఈశ్వరయ్య మాట్లాడతాడు. ఆఫీసు, వానలు, నీళ్ళ తిప్పలు. వీరేందర్ గోటితో ఫోన్ మీద కొడతాడు. ఒకటి కొడితే అవును. రెండు కొడితే కాదు. ఆగకుండా కొడితే — నవ్వు.

ఎండాకాలం గడిచింది. వానలు గడిచాయి.

ఒక ఆదివారం గోటి దెబ్బలు ఓపిక లేనట్టు మెత్తగా వినిపించాయి. ఈశ్వరయ్య చెవి ఫోన్ల మధ్య పండిన చెవి.

"దవాఖానకు పోయినవా?"

ఒకటి.

"పరీక్షలు చేసిన్రా?"

ఒకటి.

ఈశ్వరయ్య ఫోన్ చెయ్యి మార్చుకున్నాడు.

"మల్ల వచ్చిందా?"

ఒకటీ లేదు. రెండూ లేదు.

అవతల విమానం ఒకటి వెళ్ళింది. చప్పుడు తగ్గేదాకా ఈశ్వరయ్య ఆగాడు. ఇంకా ఆగాడు.

మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు.

"రేపు లీవ్ పెడుత. ఆరాంఘర్ చౌరస్తల బస్సెక్కి నీ కాడికొస్త. పొద్దున ఎన్నింటికి రమ్మంటవ్?"



తర్వాత గోరు కదిలింది.

ఒకటి... రెండు... మూడు...

ఈశ్వరయ్య వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. నాలుగు... ఐదు... ఆరు. ఆరింటికే.

ఇంకొకటి ఉందేమోనని ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాడు.